మధ్యాహ్నం జరిగిందన్న ప్రమాదం

వ్యాన్ తిరిగొచ్చేదాకా ఆ బేకరీలో తెల్లవారినట్టు కాదు. బయట ఎండెక్కినా, పక్క బడిలో గంట కొట్టినా సరే, రాత్రంతా పిండి కలిపిన వాళ్ళకూ, పొయ్యి ముందు నిలబడి ముఖాలు కమిలిన వాళ్ళకూ, ట్రేలు సర్దిన వాళ్ళకూ అది ఇంకా నిన్నటి రోజే. ఖాళీ ట్రేలతో వ్యాన్ గేట్లోకి వచ్చి, డ్రైవరు తాళంచెవి మేకుకు తగిలించాకే అక్కడ కొత్త తారీకు మొదలవుతుంది. కూలీ, సెలవులు, ఎవరు ఏ రోజు నాగా పెట్టారన్న తగువులు, అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. యజమాని తన పెళ్ళిరోజును కూడా అదే లెక్కన గుర్తుపెట్టుకుని, ఒక ఏడాది భార్య చేత పదిమందిలో చీవాట్లు తిన్నాడు. అయినా బుద్ధి రాలేదు.

అందుకే, వ్యాన్ బీమా ఈరోజుతో ఆఖరని ఏజెంటు ఫోన్ చేసినప్పుడు ఆయన తొణక్కుండా, "సరేనయ్యా, వ్యాన్ రానీ, కట్టేస్తాను," అన్నాడు. వ్యాన్ వచ్చేది మర్నాడే అన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. బీమా కంపెనీకి మాత్రం రోజు అందరికీ అయినట్టే అర్ధరాత్రితో అయిపోయింది.

డ్రైవరుకు ఇదేమీ తెలియదు. అతనికి తెలియవలసినవి అతనికి తెలుసు. ఏ దుకాణం వాడు పొద్దున్నే తలుపు తీస్తాడో, ఏ సందులో కుక్కలు చక్రాలకు అడ్డం పడుకుంటాయో, ఏ హోటల్ వాడు మాడిన రొట్టె చూపించి రెండు ఎక్కువ లాక్కుంటాడో అన్నీ కంఠతా వచ్చు. దుకాణాల వాళ్ళు అతన్ని బన్ను బాబాయ్ అంటారు. వేడి రొట్టె ఎత్తిన రోజు వ్యాన్ అద్దానికి లోపల్నుంచి ఆవిరి పడుతుంది. దాన్ని ఆరబెట్టే గాలి గొట్టం చెడిపోయి చాలా కాలమైంది. చెప్పగా చెప్పగా యజమాని ఒక మెత్తటి గుడ్డ కొనిచ్చాడు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గుడ్డ. అలా నడపడం కూడా డ్రైవరుకు అలవాటైపోయింది.

ఆ పొద్దున కోల్డ్ స్టోరేజి మలుపులో అలా తుడుస్తూండగానే, తుడిచినంత మేర ఒక సైకిల్ కనబడింది. బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. చప్పుడు పెద్దగా రాలేదు. వెనకాల ట్రేలు మాత్రం ఒకదాని మీదొకటి దూకాయి. తలుపు ఊడి రొట్టెలు రోడ్డంతా పొర్లాయి.

సైకిల్ మనిషి కోల్డ్ స్టోరేజి రాత్రి వాచ్‌మన్. రోజూ ఆ వేళకే డ్యూటీ దిగి ఇంటికి వెళుతూ వ్యాన్ ఎదురొస్తే చేయి ఎత్తేవాడు. ఇప్పుడు రోడ్డు పక్కన కూర్చున్నట్టే ఉన్నాడు గానీ, మోకాలి కింద కాలు ఉండవలసిన వైపు లేదు. "నా టిఫిన్ డబ్బా ఏదయ్యా?" అన్నాడు. డ్రైవరు వెతికి తెచ్చి చేతిలో పెట్టాడు. డబ్బా సొట్ట పడిందని వాచ్‌మన్ నొచ్చుకున్నాడు. ఆ తర్వాతే కాలు చూసుకుని కేక పెట్టాడు.

రోడ్డు మీద నరమానవుడు లేడు. వెళ్ళిపోవాలనుకుంటే వెళ్ళిపోవచ్చు. ఆ ఆలోచన డ్రైవరుకు రాకపోలేదు, కానీ అది వచ్చేలోపే అతని చేతులు వాచ్‌మన్ చంకల కింద ఉన్నాయి. సైకిల్‌ని కూడా వెనక పడేసి, మిగిలిన ట్రేల మధ్య ఆయన్ని పిండి గోతాల మీద పడుకోబెట్టి, యజమానికి ఫోన్ చేశాడు.

"పెద్దాసుపత్రికి వద్దు," అన్నాడు యజమాని. "మన డాక్టర్ దగ్గరికి తీసుకురా. నేనొస్తున్నా."

మన డాక్టరంటే బేకరీలో కాల్చుకున్నవాళ్ళకూ, కోసుకున్నవాళ్ళకూ కట్టు కట్టే మనిషి. ఆయన వాచ్‌మన్‌కు ఒక ఇంజెక్షన్ పొడిచి, కాలుకు రెండు చెక్కలు కట్టి, వెనక గదిలో బల్ల మీద పడుకోబెట్టాడు. ఎముక రెండు చోట్ల విరిగిందనీ, ఆపరేషన్ చేయక తప్పదనీ, అది తన వల్ల కాదనీ చెప్పి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

యజమాని వచ్చేసరికి ఆయన కాళ్ళకు రెండు రకాల చెప్పులున్నాయి. డ్రైవరును గోడ వారకు లాగాడు.

"తమ్ముడూ, బీమా రాత్రితో అయిపోయిందిరా."

"అయిపోవడమేంటన్నా?"

"అయిపోయింది. ఏజెంటుని నిద్ర లేపి ఇప్పుడే కట్టించాను. బండి చూడకుండానే చూసినట్టు రాశాడు, పాత స్నేహం కదా. ఇప్పట్నుంచి ఉంది. ఇందాక లేదు. ఒక్క నిద్ర తేడా."

డ్రైవరు బల్ల మీది మనిషి వైపు చూశాడు.

"నువ్వే ఆలోచించు. బీమా ఉంటే ఆయనకి ఆపరేషన్ వాళ్ళే చేయిస్తారు. పని లేనన్నాళ్ళూ వాళ్ళే చూసుకుంటారు. లేదంటే నేను చూసుకోవాలి. నా దగ్గరేముంది? పొయ్యి బ్యాంకుది, వ్యాన్ ఫైనాన్సు వాడిది. నన్ను తలకిందులుగా వేలాడదీసి దులిపినా పిండే రాలుతుంది. ఆయన కాలు కుంటిదైపోద్ది, నేను రోడ్డున పడతా, నీ లైసెన్సు గోవిందా. ఎవరికి లాభం? మధ్యాహ్నం జరిగిందందాం. తిరుగు ట్రిప్పులో."

ఎటునుంచి ఎటు తిప్పి చూసినా ఆ మాటలో డ్రైవరుకు తప్పు కనబడలేదు. నష్టపోయేది ఎవరో ముఖం తెలియని కంపెనీ. బాగుపడేది కళ్ళెదుట బల్ల మీద మూలుగుతున్న మనిషి. తాను చేసిన గాయానికి తానే మందు రాస్తున్నట్టు అనిపించి, అతనికి కొంచెం ధైర్యం కూడా వచ్చింది. అయితే ఒక చిక్కు ఉంది. మధ్యాహ్నం జరగాలంటే మధ్యాహ్నం దాకా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళకూడదు.

వాచ్‌మన్ భార్య ఇస్త్రీ పని చేస్తుంది. ఎవరో చెబితే, చేతిలో పెట్టెను ఆర్పడం కూడా మరిచి పరిగెత్తుకొచ్చింది. ఆమెకు చెప్పే పని యజమాని డ్రైవరు మీద పెట్టాడు. "నా మాట నమ్మదురా. నువ్వయితే నీ చేతుల్తో మోసుకొచ్చావు."

డ్రైవరు అంతా చెప్పాడు. ఆమె చివరిదాకా విని, "ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఏమవుద్ది తమ్ముడూ?" అంది.

"పొద్దున జరిగిందని రాస్తారక్కా. ఇక పైసా రాదు."

"అప్పటిదాకా నొప్పో?"

"ఇంజెక్షన్ ఉందిగా అక్కా. నేనిక్కడే ఉంటాను."

ఆమె భర్త వైపు చూసింది, చెక్కల వైపు చూసింది. "నువ్వు చెప్తున్నావు కాబట్టి," అంది చివరికి. ఆ మాట డ్రైవరుకు బరువుగానే తోచింది, అయినా తలూపాడు.

మధ్యాహ్నం దాకా అతను బల్ల పక్కనే కూర్చుని బిస్కెట్ల అట్టముక్కతో విసిరాడు. ఇంజెక్షన్ మత్తులో వాచ్‌మన్ ఒకసారి కళ్ళు తెరిచి అతన్ని పరకాయించి చూశాడు. "మా ఆవిణ్ణి అక్కా అంటున్నావు. అంటే నేను నీకు బావనేగా?"

"అవును బావా."

"బావమరిది అయ్యుండి ఇంత గట్టిగా గుద్దుతారటయ్యా!" అని నవ్వబోయి, నొప్పికి పళ్ళు బిగించాడు. డ్రైవరు ముఖం తిప్పుకున్నాడు. చెక్కల మధ్య కాలు పొంగుతోంది. కట్టు గుడ్డ చర్మంలోకి దిగిపోతోంది. అతను ముందు గదిలోకి వెళ్ళి డాక్టర్‌కి చెబితే, ఆయన వచ్చి కట్టు కొంచెం వదులు చేసి వెళ్ళాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక యజమానీ, పిండి కలిపే మనిషీ కలిసి సైకిల్‌ని తీసుకెళ్ళి కోల్డ్ స్టోరేజి మలుపులో పడుకోబెట్టారు. డ్రైవరు వ్యాన్ తెచ్చి దాని ముందు ఆపాడు. అప్పుడే జరిగినట్టు అరుచుకుంటూ మనిషిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ కట్టు విప్పి, "ఇప్పుడే తగిలిన దెబ్బకి ఇంత వాపేమిటి?" అంది. యజమాని తన రెండు రకాల చెప్పుల వైపు చూసుకున్నాడు. వాపు తీసేదాకా ఆపరేషన్ కుదరదనీ, కొన్నాళ్ళు ఆగాలనీ చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

పోలీసు స్టేషన్‌లో ఇంకొక సంగతి బయటపడింది. ఎలా జరిగిందని ఇన్‌స్పెక్టరు అడిగాడు. పొద్దున అయితే అద్దానికి ఆవిరి పట్టింది. మధ్యాహ్నం ఖాళీ ట్రేలతో వస్తున్న బండికి ఆవిరి ఎక్కడిది? పక్కనుంచి యజమాని అందుకున్నాడు. "సైకిలే అడ్డం వచ్చిందండి. చూసుకోకుండా తిప్పేశాడు."

రైటరు అలాగే రాశాడు. డ్రైవరు అలాగే సంతకం పెట్టాడు. ముందు నంబరు ప్లేటు ఎక్కడ పోయిందని అడిగితే, దెబ్బకు ఊడిపోయిందన్నారు. మలుపులో వెతికితే దొరకలేదు. కొత్తది చేయించుకునేదాకా వ్యాన్ రోడ్డెక్కకూడదని ఇన్‌స్పెక్టరు చెప్పాడు.

ఇంటికి వచ్చి భార్యకు సంగతంతా చెప్పాడు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. ఒక చొక్కా కాలరు చూసి కుట్టిందెవరో చెప్పేస్తుంది. ఆమెకు నచ్చేలా, ఆ మనిషికి ఆపరేషన్ అయ్యే దారి ఎలా దొరికిందో వివరంగా చెప్పుకొచ్చాడు.

"అంత మంచి పనైతే ఇంత మెల్లగా చెప్తున్నావేంటి?" అందామె.

"పక్కింటివాళ్ళు వింటారని."

"వింటే ఏం? మెచ్చుకుంటారుగా!" అని కంచం ముందుకు తోసింది.

*

నంబరు ప్లేటు చేసే దుకాణం వాడు రిజిస్ట్రేషన్ పుస్తకం చూపించమన్నాడు, పోయినట్టు పోలీసు కాగితం కూడా తెమ్మన్నాడు. "ఎవరికి పడితే వాళ్ళకి కొట్టిస్తే రేపు నా పీకకి చుట్టుకుంటది బాబాయ్," అన్నాడు. ఆ కాగితం కోసం డ్రైవరు స్టేషన్‌కి నడిచి వెళుతుంటే, రోడ్లు ఊడ్చే ఆమె చీపురు ఎత్తి పిలిచింది.

"బన్ను బాబాయ్! నీ నంబరు నా దగ్గరుంది. ఎన్నాళ్ళు మోయను?"

తోపుడు బండి కింద గోనెలోంచి ప్లేటు తీసింది. వంకరపోయింది గానీ అంకెలు చెక్కు చెదరలేదు.

"ఎక్కడ దొరికింది?"

"మలుపులో. ఆ రోజు పొద్దున ఊడుస్తుంటే కాలువలో పడుంది. రొట్టెలన్నీ కుక్కల పాలయ్యాయి. దుమ్ము అంటనివి రెండు మా పిల్లలకి పట్టుకెళ్ళా, ఏమనుకోకు. ఆ సైకిలాయనకి ఎట్లా ఉంది? పాపం, అంత పొద్దున్నే."

ఆమె అలా అనడంలో దాపరికం లేదు, బెదిరింపు లేదు. జరిగింది పొద్దున కాబట్టి పొద్దున అంది. ఊరంతటికీ అది పొద్దునే జరిగింది. మధ్యాహ్నం జరిగింది కాగితాల్లోనే. ఆమెకు దండం పెట్టినంత పనిచేసి ప్లేటు తీసుకున్నాడు. బేకరీ వెనక రాయి మీద పెట్టి సుత్తితో సాపు చేసి, మరలు బిగించాడు. యజమాని చూసి ఎక్కడిదని అడగలేదు. వ్యాన్ తిరగబోతోందని మాత్రం సంతోషపడ్డాడు.

ఆ మర్నాడు బీమా కంపెనీ మనిషి వచ్చాడు. నవ్వుముఖం. బేకరీలో బన్ను తిని, మెత్తగా ఉందని మెచ్చుకుని, వ్యాన్ చుట్టూ తిరిగి ఫోటోలు తీశాడు. "మధ్యాహ్నం ట్రేలు ఖాళీయేనా?" అని అడిగాడు. ఖాళీయేనన్నాడు డ్రైవరు. "అద్దం బాగా కనబడుతుందా?" బాగా కనబడుతుందన్నాడు. "అయితే సైకిలాయనదే తప్పన్నమాట," అని ఆయన రాసుకుంటూ వెళ్ళాడు. తప్పు ఎవరిదైనా ఆపరేషన్ ఖర్చు వస్తుందనీ, కాకపోతే మిగతాది కాస్త తగ్గుతుందనీ వెళ్ళేముందు చెప్పాడు. యజమాని డ్రైవరు భుజం తట్టాడు. డ్రైవరుకు ఆ రోజు అన్నం సహించలేదు.

అతను రోజూ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళేవాడు. చేతులూపుకుంటూ పోకుండా ఏదో ఒకటి తీసుకెళ్ళేవాడు. వాచ్‌మన్ మంచం కిటికీ పక్కన. ఆయన అడ్డం వచ్చాడని స్టేషన్‌లో రాయించిన సంగతి ఆయనకు తెలుసో లేదో డ్రైవరుకు తెలియదు. అడిగే ధైర్యమూ లేదు. ఆయన మాత్రం, "రా బావమరిదీ," అని పక్కకు జరగలేని కాలును చూపించి, మంచం అంచున చోటు ఉందన్నట్టు చేత్తో తట్టేవాడు.

*

వాచ్‌మన్ భార్య బేకరీ గేటు దగ్గర నిలబడింది. డ్రైవరు అప్పుడే తాళంచెవి మేకుకు తగిలిస్తున్నాడు. ఆమె లోపలికి రాలేదు, కూర్చోమంటే కూర్చోలేదు.

"దొంగతనం అంటగట్టారు తమ్ముడూ."

కోల్డ్ స్టోరేజిలో వాడకం లేని గదుల మోటార్లున్నాయి. వాటి రాగి తీగంతా ఎవరో ఊడదీసుకుపోయారు. ఆ గది తలుపు నిన్నగానీ తెరవలేదు కాబట్టి నిన్నగానీ తెలియలేదు. ప్రమాదం జరిగిన పొద్దునే గేటు ముందు ఒక ట్రాలీ ఆగి ఉండగా చూశామని ఎదురు టీకొట్టు వాళ్ళు చెప్పారు. గేటు తాళం పగల్లేదు, తాళంచెవితోనే తీశారు. రాత్రి వాచ్‌మన్ పోతూ తాళంచెవి టీకొట్టు గూట్లో పెడతాడు, పగలు మనిషి ఎండెక్కాక వచ్చి తీసుకుంటాడు. ఈ మధ్యలో అది ఎవరైనా తీయగలిగిందే. కానీ మేనేజరు చేతికి దొరికింది మాత్రం ఆసుపత్రిలో కదలలేకుండా పడున్న మనిషి.

"పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా ఎక్కడున్నాడు నీ మొగుడని అడిగారు. ఇంట్లో పడుకున్నాడన్నాను. ఇంకేం చెప్పను? పక్కింటివాళ్ళనడిగారు. వాళ్ళు ఇంటికి రాలేదన్నారు, చూసింది చెప్పారు పాపం. ఇప్పుడు నేనూ దొంగనే, ఆయనా దొంగే. మంచం పక్కన పోలీసుని కూర్చోబెట్టారు. వార్డులో అందరూ వాళ్ళ చెప్పులు మంచం కిందకి జరుపుకుంటున్నారు తమ్ముడూ!"

ఆ పొద్దున ఆయన ఎక్కడున్నాడో డ్రైవరుకు తెలుసు. ఏ బల్ల మీద, ఏ వైపు తల పెట్టి, ఎన్నిసార్లు నీళ్ళడిగాడో కూడా తెలుసు. ఆ పొద్దునను ఆయన బతుకులోంచి పీకి పారేసింది తనే.

"ఆపరేషన్ ఎప్పుడక్కా?"

"రేపన్నారు. బీమా కాగితం వచ్చిందంట." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏం చేయాలో నాకు తోచట్లేదు. నువ్వే చెప్పావు ఆరోజు. ఇప్పుడూ నువ్వే చెప్పు."

ఆమె వెళ్ళాక డ్రైవరు యజమాని దగ్గరకు వెళ్ళాడు. ఆయన పిండి బస్తాల మీద కూర్చుని అంతా విన్నాడు. విన్నంతసేపూ చేతిమీది పిండి గోక్కుంటూనే ఉన్నాడు.

"రేపొక్కరోజు ఆగరా. కాలు బాగుపడనీ. ఆ తర్వాత చూద్దాం."

"ఆ తర్వాత చెప్తే మాత్రం ఊరుకుంటారా అన్నా? అబద్ధం చెప్పి ఆపరేషన్ చేయించుకున్నాడని ఆయన మీదే ఇంకో కేసు పెడతారు."

"అయితే చెప్పకు. తీగ దొంగ ఎవడో రేపో మాపో దొరుకుతాడు. వీడు కాదని వాళ్ళకే తెలుస్తుంది."

"దొరక్కపోతే?"

యజమాని తల ఎత్తాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అవి రోజూ అలాగే ఉంటాయి. "నేనేం చేశానురా? ఎవరి కొంపా కూల్చాలనుకోలేదు. వ్యాన్ వచ్చాక కడదామనుకున్నా. ఇన్నేళ్ళూ అట్లాగే కట్టా. ఈ బేకరీ మూస్తే పదిమంది ఇళ్ళకి వెళ్ళి నువ్వు చెప్తావా?"

యజమాని చెడ్డవాడైతే బాగుండునని డ్రైవరుకు అనిపించింది. చెడ్డవాడైతే ఎదురు తిరగడం తేలిక. ఈయన డ్రైవరు కూతురికి జ్వరమొస్తే అడగకుండానే అడ్వాన్సు ఇచ్చిన మనిషి.

భార్య కాజాలు కుట్టిన కళ్ళు నులుముకుంటూ విన్నది. ఈసారి వెక్కిరించలేదు. "చెప్తే నీ ఉద్యోగం పోతుంది," అంది.

"పోతుంది."

"లైసెన్సు?"

"అదీ పోతుంది. తప్పుడు సాక్ష్యమని లోపల కూడా వేయొచ్చు."

"చెప్పకపోతే?"

అతను నిద్రపోతున్న కూతురి వైపు చూశాడు. ఆమె చాలాసేపు అతని ముఖం చూసింది. "నాకూ భయంగానే ఉందయ్యా," అంది. "కానీ నువ్వు ఈ వారమంతా ఇంట్లో ఎవరో పోయినట్టు తిరుగుతున్నావు. పిల్ల నన్నడుగుతోంది, నాన్నకి ఏమైందని. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు."

*

వ్యాన్ అప్పగించి డ్రైవరు ఆసుపత్రికి బయల్దేరాడు. ఆ రోజు తాళంచెవి మేకుకు తగిలించేటప్పుడు, రేపు మళ్ళీ తీస్తానో లేదోనని చేయి కాసేపు ఆగింది. దారంతా మాటలు కూర్చుకున్నాడు. ఇన్‌స్పెక్టరుగారూ, తప్పు నాది. సైకిల్ అడ్డం రాలేదు. ఆయన పొద్దున ఎక్కడున్నాడో నేను చూపిస్తాను. అనుకుంటూ నడుస్తుంటే కొంచెం కొంచెంగా భయం పోయి, తాను చేయబోయేది పెద్ద పనేనన్న గర్వంలాంటిది కూడా లోపల మొలిచింది. ఇంత త్యాగం ఎవరు చేస్తారు ఈ రోజుల్లో? వార్డు మెట్లెక్కేసరికి అతను దాదాపు తేలిగ్గా ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు అప్పటికే అక్కడున్నాడు. మంచం పక్కన స్టూలు మీద రైటరు తొడ మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాడు. వాచ్‌మన్ భార్య గోడకు ఆనుకుని నిలబడింది. చిన్న వయసు డాక్టరమ్మ ఎవరి మీదో కోపంగా బయటకు నడిచింది. ఆపరేషన్ గది దగ్గరకు తోసుకెళ్ళవలసిన మంచం ఉన్నచోటే ఉంది.

వాచ్‌మన్ చెప్పేశాడు. అంతా చెప్పేశాడు. డ్యూటీ దిగి వస్తుంటే పొద్దున్నే వ్యాన్ తగిలిందనీ, మధ్యాహ్నం దాకా ఫలానా క్లినిక్ వెనక గదిలో ఉన్నాననీ, అప్పుడు తీగ ఎత్తుకుపోవడానికి తనకు కాలు లేదనీ.

"ఇప్పుడు బీమా రాదని తెలుసుగా నీకు?" ఇన్‌స్పెక్టరు అడుగుతున్నాడు. "ఆపరేషన్ ఆగిపోయింది. వట్టి పిండికట్టే గతి. జీవితమంతా కుంటాలి."

"కుంటోడంటే పడతానండి," అన్నాడు వాచ్‌మన్. "దొంగంటే పడను."

ఆ గొంతులో గొప్ప చెప్పుకుంటున్న ధోరణి లేదు. టిఫిన్ డబ్బాకు సొట్ట పడిందన్నప్పటి గొంతే అది. డ్రైవరు దారంతా కూర్చుకున్న మాటలకు ఇక పని లేకపోయింది. తాను ఇవ్వడానికి వచ్చింది ఆయన ముందే తీసేసుకున్నాడు, తన ప్రమేయం లేకుండానే. ఆయన దానికి కట్టిన ధర ముందు తన ఉద్యోగమూ, లైసెన్సూ ఏపాటివని అతనికి సిగ్గేసింది.

ఇన్‌స్పెక్టరు అతన్ని చూశాడు. "రావయ్యా. నీకోసమే కబురు పెడదామనుకుంటున్నా," అని, రైటరు వైపు తిరిగి, "చదువు," అన్నాడు.

రైటరు గొంతు సవరించుకుని చదివాడు. "డ్రైవరు పొద్దున జరిగిందని ఉన్నదున్నట్టే చెబుతానని పట్టుబట్టాడు. నేనే, నా కాలు ఖర్చు కోసం ఆశపడి, మధ్యాహ్నమని చెప్పమని అతన్ని బతిమాలాను. నా బాధ చూడలేక ఒప్పుకున్నాడు. అతని తప్పేమీ లేదు."

చదవడం ఆపి రైటరు తల ఎత్తాడు. "నిజమేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇదే నిజమైతే నిన్ను మందలించి వదిలేస్తాం. సంగతి నీ యజమానికీ, బీమా వాళ్ళకీ మధ్య. చూసి చెప్పు."

డ్రైవరు వాచ్‌మన్ వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. భార్య ఒక అడుగు ముందుకు వేసి, వినబడీ వినబడనట్టు అంది. "నేనొద్దన్నాను తమ్ముడూ. రోడ్డు మీద వదిలేసి పోకుండా ఎత్తుకొచ్చాడు, అతన్నెందుకు ఇరికించడం, పిల్ల గలవాడు అని ఆయనే అన్నాడు. నువ్వు ఊఁ అనేయ్. ఆయన పేరు మీది మచ్చ ఎట్లాగూ పోయింది."

ఊఁ అంటే చాలు. ఆయన దొంగ కాదని తేలింది, ఇక ఎవరికీ కొత్తగా నష్టం లేదు. అలా అనిపించగానే డ్రైవరు ఒంట్లోంచి బరువు దిగింది, ఆ దిగడం ఎంత హాయిగా ఉందో తలుచుకుంటే తర్వాత అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఎవరికీ నష్టం లేదని తాను ఇంతకుముందు కూడా అనుకున్నాడు. రైటరు పెన్ను అందించాడు. పెన్ను తీసుకున్నాడు కూడా. కాగితం మీద అతని పేరు దగ్గర ఒక గీత గీసి ఉంది. దుప్పటి కిందనుంచి వాచ్‌మన్ కాలు బయటకు కనబడుతోంది. వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

"కాదండి," అన్నాడు.

"ఏది కాదు?"

"ఆయన నన్ను బతిమాలలేదండి. ఆయనకప్పటికి ఒంటి మీద తెలివే లేదు. మధ్యాహ్నమని చెప్పమని వాళ్ళావిణ్ణి అడిగింది నేనే. మధ్యాహ్నం దాకా పెద్దాసుపత్రికి తీసుకురాకుండా కూర్చోబెట్టింది నేనే. సైకిల్ అడ్డం రాలేదు. నాకే అద్దంలోంచి కనబడలేదు."

ఇంకేమైనా చెప్పాలేమోనని వెతుక్కున్నాడు గానీ ఇంకేమీ లేదు. వార్డులో ఎవరో దగ్గారు. వాచ్‌మన్ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రైటరు విసుగ్గా ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఆయన ఆ కాగితం తీసుకుని, మళ్ళీ ఒకసారి చదివి, నిలువునా చింపి రైటరుకు ఇచ్చాడు.

వాచ్‌మన్ కిటికీ వైపునుంచి ముఖం తిప్పలేదు.

"అన్ని అబద్ధాలాడావు," అన్నాడు. "నన్ను ఒక్కటి ఆడనివ్వకూడదటయ్యా?"

డ్రైవరు పెన్ను తిరిగి ఇచ్చేసి చేతులు కట్టుకు నిలబడ్డాడు. రైటరు కొత్త కాగితం తీసి, అట్ట మీద సర్దుకుని, ముందుగా పేరు చెప్పమన్నాడు.